ఏసీ గ్యాస్ అయిపోదు: కారు కంప్రెసర్ వెనకున్న ఎనభై ఏళ్ల కథ



మా భోగాపురంలో మే నెల ఎలా ఉంటుందో ఇటువైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఓ పక్క సముద్రం, ఓ పక్క హైవే, మధ్యలో ఉక్క. పొద్దున్న తొమ్మిదికే చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. అలాంటి రోజున కారు ఏసీ వేడిగాలి కొట్టిందనుకోండి, షెడ్డుకి తీసుకెళ్తే మామూలుగా రెండు మాటల్లో ఒకటి వినిపిస్తుంది. మొదటి వేసవిలో "గేస్ అయిపోనాదండి". రెండో వేసవిలోనో, మూడో వేసవిలోనో "కంప్రెసర్ పోనాదండి". మొదటి మాటకి ఒకటో రెండో వేలు పోతాయి. రెండో మాటకి నెల జీతంలో పెద్ద ముక్కే పోతుంది.

ఈ రెండు మాటలకీ మధ్య సంబంధం ఉంది. మొదటి మాటని మనం నమ్మేయడం వల్లే చాలాసార్లు రెండో మాట వస్తుంది. ఈరోజు చెప్పబోయేది అదే. ఇది రిపేరు వీడియోలా మొదలైనా నిజానికి చరిత్ర కథ. ఎందుకంటే కారు ఏసీలో ఏ పార్టు ఎందుకు అలా ఉందో, ఏది ఎందుకు పాడవుతుందో తెలియాలంటే అది ఎప్పుడు, ఎలా పుట్టిందో తెలియాలి.

ముందుగా ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. పెట్రోల్ అయిపోతుంది. ఇంట్లో బియ్యం అయిపోతాయి. ఏసీ గ్యాస్ అయిపోదు. అది ఖర్చయ్యే వస్తువు కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారింది. అంతే.

ఎలా తిరుగుతుందో చూద్దాం. మన మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? కుండ పైకి చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. ఏసీ కూడా అదే పని చేస్తుంది, కాకపోతే ఆవిరైనదాన్ని గాలికి వదిలెయ్యదు. డాష్‌బోర్డు వెనక కూలింగ్ కాయిల్ ఉంటుంది. అందులో ద్రవం ఆవిరై కారులోని వేడి తీసుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ పీల్చి, గట్టిగా నొక్కి, వేడిగా ముందుకి పంపిస్తుంది. బంపర్ వెనకున్న కండెన్సర్‌లో ఆ వేడి బయటి గాలికి పోయి ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే సన్నటి దారిలోంచి మళ్లీ కాయిల్‌లోకి. కంప్రెసర్ ఈ ఒంటికి గుండెకాయ లాంటిది. గుండె ఆగిందని చెప్పడం తేలిక. ఎందుకు ఆగిందో చెప్పడమే వైద్యం.

ఇక కథలోకి వెళ్దాం.

చల్లదనాన్ని తయారుచేయడం రాని రోజుల్లో మనవాళ్లు దాన్ని కొనుక్కున్నారు. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి 180 టన్నుల మంచుగడ్డలతో ఒక ఓడ కలకత్తాకి బయల్దేరింది. నాలుగు నెలల ప్రయాణం తర్వాత కూడా దాదాపు 100 టన్నులు కరగకుండా మిగిలింది. ఆ వ్యాపారం చేసిన ఫ్రెడరిక్ ట్యూడర్ తర్వాత మద్రాసు సముద్రపు ఒడ్డున మంచు దాచడానికి ఒక గుండ్రటి భవనం కట్టించాడు. మన ఉత్తర సర్కారులు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. ఆ భవనమే ఐస్ హౌస్. 1897లో వివేకానందుడు బస చేసింది అక్కడే. యంత్రాలతో మంచు చేయడం వచ్చాక ఓడల వ్యాపారం మూతపడింది.

ఆ యంత్రాల్లో వాడిన గ్యాసు అమ్మోనియా. ఈరోజుకీ చేపల రేవుల దగ్గర ఐస్ ఫ్యాక్టరీల్లో వాడేది అదే. బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కానీ లీకైతే కళ్లు మండుతాయి, ఊపిరాడదు. 1920ల్లో ఇళ్లలోకి వచ్చిన ఫ్రిజ్‌లలో సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. అవీ విషాలే. మనుషులు చనిపోయిన ఘటనలు కూడా ఉన్నాయి. అవి పేపర్లలో చదివి ఐన్‌స్టీన్ తన మిత్రుడు సిలార్డ్‌తో కలిసి కదిలే భాగాలు లేని ఫ్రిజ్ ఒకటి డిజైన్ చేశాడు. అంటే లీక్ సమస్య ఐన్‌స్టీన్‌ని కూడా కూర్చోబెట్టి ఆలోచింపజేసింది అన్నమాట.

ఇక్కడో విషయం గమనించండి. గ్యాసు విషమైనంత కాలం లీకు అంటే అందరికీ భయం. ఎవరూ "మళ్లీ నింపేద్దాం లే" అనరు.

ఆ భయం 1930లో పోయింది. జనరల్ మోటార్స్ కోసం పనిచేసిన థామస్ మిడ్జ్‌లీ అంతకు రెండేళ్ల ముందు కొత్తరకం గ్యాసు తయారుచేశాడు. మండదు, విషం కాదు, వాసన దాదాపు లేదు. రసాయన శాస్త్రవేత్తల సభలో అందరి ముందూ దాన్ని గుండెల నిండా పీల్చి, కొవ్వొత్తి మీదకి ఊది ఆర్పి చూపించాడు. తర్వాత దాన్నే మనం ఆర్-12 అన్నాం. పెట్రోల్‌లో సీసం కలపడం కనిపెట్టింది కూడా ఈయనే. రెండూ ఆరోజుకి అద్భుతాలు, తర్వాత ప్రపంచానికి తలనొప్పులు.

గ్యాసు ప్రమాదం లేనిది కాబట్టి ఇప్పుడు మనుషులు కూర్చునే కారులో పెట్టొచ్చు. 1939 నవంబరులో షికాగో ఆటో షోలో ప్యాకార్డ్ కంపెనీ ఏసీ కారు చూపించింది. ఏసీకి అదనంగా 274 డాలర్లు. కూలింగ్ కాయిల్ డిక్కీలో సగం తినేసేది. అసలు తమాషా ఏంటంటే దానికి కంప్రెసర్ క్లచ్ లేదు! ఇంజిన్ తిరిగినంతసేపూ కంప్రెసర్ తిరగాల్సిందే. ఏసీ వద్దనుకుంటే ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్ట్ ఊడదీయాలి. చలికాలం వస్తే బెల్ట్ తీసి ఇంట్లో పెట్టుకోవడమే. కొద్దికాలానికే ప్యాకార్డ్ ఆ ఏసీని ఆపేసింది.

1954లో నాష్ కంపెనీ ఏసీ మొత్తాన్ని కారు ముందు భాగంలోకి తెచ్చి, కంప్రెసర్‌కి కరెంటుతో పట్టుకునే క్లచ్ పెట్టింది. మీరు ఏసీ బటన్ నొక్కగానే ముందు నుంచి "టక్" మని వినిపిస్తుంది చూడండి, ఆ శబ్దం అప్పటి వారసత్వమే. అందుకే ఈరోజుకీ రోగనిర్ధారణ ఆ టక్ దగ్గరే మొదలవ్వాలి.

టక్ వినిపించలేదా? కంప్రెసర్ పోయిందని ఎవరన్నా ఒప్పుకోకండి. మొదట ఫ్యూజు, రిలే. తర్వాత క్లచ్ కాయిల్‌కి 12 వోల్టులు వస్తున్నాయా? వస్తుంటే, కాయిల్ కాలిపోయిందా, లేక అరిగి అరిగి క్లచ్ గ్యాప్ పెరిగిపోయిందా? చాలా మోడళ్లలో క్లచ్ విడిగా మార్చుకోవచ్చు. వోల్టేజే రాకపోతే ప్రెషర్ స్విచ్ ఆపుతుందేమో చూడాలి. గ్యాసు మరీ తక్కువైతే కంప్రెసర్ తిరగకుండా ఆపడమే ఆ స్విచ్ ఉద్యోగం. కొన్నిచోట్ల ఏం చేస్తారంటే, ఒక వైరు ముక్క పెట్టి ఆ స్విచ్‌ని డైరెక్ట్ చేసేస్తారు. కంప్రెసర్ తిరుగుతుంది, కస్టమర్ సంతోషిస్తాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లకి చెప్పాలంటే, ఎర్రర్ వస్తుందని ఎర్రర్ చెక్ చేసే లైన్లనే కామెంట్ చేసి ప్రొడక్షన్‌లోకి తోసేయడం ఇది. కొత్త కార్లు చాలావాటిలో క్లచ్ లేని, తనంతట తానే ఎక్కువ తక్కువలు సర్దుకునే కంప్రెసర్లు వస్తున్నాయి. వాటిలో టక్ ఉండదు, అది రోగం కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీ ఇంట్లో ఫ్రిజ్ పదిహేనేళ్లు గ్యాసు నింపకుండా పనిచేస్తుంది. కారు ఏసీ ఎందుకు పనిచేయదు?

ఫ్రిజ్‌లో మోటారు, కంప్రెసర్ రెండూ ఒకే ఇనప డబ్బాలో పెట్టి వెల్డింగ్ చేసేస్తారు. లోపలికి వెళ్లేవి కరెంటు వైర్లు మాత్రమే. గొట్టాలు రాగివి, అతుకులన్నీ కరిగించి వేసినవి. కారులో కంప్రెసర్‌ని తిప్పేది బయటున్న ఇంజిన్ బెల్ట్. అంటే తిరిగే కడ్డీ ఒకటి డబ్బాలోంచి బయటికి రావాలి. ఆ కడ్డీ చుట్టూ ఒక సీలు. పైగా ఇంజిన్ ఊగుతుంది, బాడీ ఇంకోలా ఊగుతుంది, కాబట్టి మధ్యలో రబ్బరు హోసులు, ప్రతి జాయింటులో ఓ-రింగు. ప్యాకార్డ్ రోజు నుంచి కారు ఏసీకి పుట్టుకతో వచ్చిన బలహీనత ఇది. ఎంత బాగా చేసినా ఏళ్లు గడిచేకొద్దీ చాలా కొద్దిగా జారుతుంది.

ఆర్-12 విషం కాదు, ధర కూడా ఎక్కువ కాదు. అందుకని అమెరికాలో చిన్న చిన్న డబ్బాల్లో అమ్మేవారు, ఎవరికి వారు ఇంటి దగ్గర నింపేసుకునేవారు. లీకు వెతకడం కంటే నింపడం చవక. "టాప్ అప్" అలవాటు అలా పుట్టింది. మన దగ్గర అంబాసిడర్‌కో, పద్మినికో విడిగా ఏసీ బిగించుకోవడం డబ్బున్నవాళ్ల సంగతి. 1985లో సుజుకి, డెన్సో భాగస్వామ్యంతో సుబ్రోస్ మొదలై ఇక్కడే కారు ఏసీలు తయారవడంతో అది మెల్లగా మధ్యతరగతికి చేరింది. వస్తువుతో పాటు అలవాటూ వచ్చింది. "గ్యాస్ కొట్టించడం" అనే మాట ఆయిల్ మార్పించడం లాగా సర్వీసు లిస్టులో కలిసిపోయింది.

కానీ ఆ కారిన గ్యాసు ఎక్కడికి పోతుంది? ఆ ప్రశ్న మోలినా, రోలాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అడిగారు. ఈ గ్యాసులు దేనితోనూ కలవకుండా పైకి పోయి, అక్కడ ఎండకి విడిపోయి, ఓజోన్ పొరని తింటాయని 1974లో రాశారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పల్చబడిందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు లెక్కలతో చూపించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం. భారతదేశం 1992లో చేరింది, 2000లో ఓజోన్ నియమాలు తెచ్చింది. ఆర్-12 పోయి ఆర్-134ఏ వచ్చింది. కొవ్వొత్తి ఆర్పి చూపించిన గ్యాసు కథ అలా ముగిసింది.

దీనికీ మీ కంప్రెసర్‌కీ సంబంధం ఏంటంటారా? ఆయిల్. కంప్రెసర్‌కి ఇంజిన్‌లా విడిగా ఆయిల్ పంపు ఉండదు. ఆయిల్ గ్యాసులో కలిసి తిరుగుతూ వచ్చి లోపలి భాగాలని తడుపుతుంది. ఆర్-12తో పాత మినరల్ ఆయిల్ కలిసేది. ఆర్-134ఏతో అది కలవదు. అందుకే పీఏజీ అనే కొత్త ఆయిల్ వచ్చింది. ఆ ఆయిల్ గాల్లో తేమని బాగా లాగేసుకుంటుంది. మూత తీసి వారాలు పెట్టిన డబ్బా మన సముద్రపు ఊళ్లలో పనికిరాదు. తేమ గ్యాసుతో కలిస్తే లోపల యాసిడ్ తయారవుతుంది.

ఇప్పుడు చుక్కలన్నీ కలపండి. గ్యాసు కారితే దాంతోపాటు కొంత ఆయిల్ కూడా పోతుంది. జాయింటు దగ్గర జిడ్డుగా దుమ్ము పట్టి కనిపించేది అదే, అదే లీకు ఆనవాలు. మిగిలిన ఆయిల్ కూడా గ్యాసు తక్కువైతే సరిగా తిరిగి రాదు. మీరు గ్యాసు మాత్రమే నింపారు. వచ్చే ఏడాది మళ్లీ నింపారు. ప్రతిసారీ ఆయిల్ ఇంకాస్త తగ్గింది. మూడో ఏడాది కంప్రెసర్ ఎండిపోయి, అరిగి, ఇనప రజను గొట్టాల నిండా చిమ్మి చచ్చిపోయింది. చిల్లు కుండలో నీళ్లు పోస్తూ పోయాం, చివరికి కుండే పగిలింది. ఈ హత్యలో కంప్రెసర్ హతుడు. హంతకుడు ఆ పది రూపాయల ఓ-రింగు కావచ్చు.

మరి ఎలా తేల్చాలి? గేజులు పెట్టించండి. నీలం గేజు తక్కువ ప్రెషర్ వైపు, ఎరుపు గేజు ఎక్కువ ప్రెషర్ వైపు. ఏసీ నడుస్తుండగా ఆర్-134ఏకి నీలం సుమారు 25 నుంచి 45 పీఎస్ఐ, ఎరుపు 150 నుంచి 250 మధ్య ఉంటుంది. బాగా ఎండగా ఉంటే రెండూ కాస్త పెరుగుతాయి. ఇప్పుడు నాలుగు రకాలు చూడండి.

రెండూ తక్కువ: గ్యాసు తక్కువ, అంటే లీకు వెతకాలి. రెండూ ఎక్కువ: గ్యాసు ఎక్కువ కొట్టారు, లేదా కండెన్సర్‌కి గాలి ఆడట్లేదు. ఫ్యాన్ తిరుగుతుందా, ముందు మట్టి పట్టిందా చూడాలి. నీలం పడిపోయి సున్నా కిందకి పోతోంది: దారిలో ఎక్కడో అడ్డుపడింది, ఎక్కువగా ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర. నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ: అదిగో, అప్పుడు మాత్రమే కంప్రెసర్ మీద గట్టి అనుమానం పెట్టుకోండి. అది నొక్కలేకపోతోంది.

శబ్దం కూడా చెప్తుంది. ఏసీ ఆపినా గరగర వస్తుంటే పుల్లీ బేరింగ్. ఏసీ వేసినప్పుడే వస్తుంటే కంప్రెసర్ లోపల.

ఇంకో చిక్కు ఉంది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 30 డిగ్రీల ఎండలో రెండు గేజులూ దాదాపు 97 పీఎస్ఐ చూపిస్తాయి. "ప్రెషర్ బానే ఉంది, గ్యాసుంది" అంటారు. కానీ లోపల ద్రవం కొంచెం మిగిలినా అదే ప్రెషర్ చూపిస్తుంది. వంటగ్యాస్ సిలిండర్‌ని చూసి ఎంత ఉందో చెప్పలేం కదా, ఊపి చూస్తాం, తూకం వేస్తాం. ఇదీ అంతే. ఎంత గ్యాసు పట్టాలో బానెట్ కింద స్టిక్కర్ మీద గ్రాముల్లో రాసి ఉంటుంది. చిన్న కార్లకి సుమారు అర కిలో. ఉన్నది బయటికి లాగి, లీకు పరీక్ష చేసి, కనీసం అరగంట వాక్యూమ్ పెట్టి తేమ పోగొట్టి, తూకం వేసి ఎక్కించడమే సరైన పద్ధతి. వాక్యూమ్‌లో నీరు మామూలు వేడికే మరిగి ఆవిరైపోతుంది, అందుకే ఆ అరగంట.

కంప్రెసర్ నిజంగానే పోయి, ఆయిల్ నల్లగా రజనుతో వచ్చిందనుకోండి, కొత్త కంప్రెసర్ ఒక్కటే బిగిస్తే ఆ రజను దాన్నీ తినేస్తుంది. గొట్టాలు ఫ్లష్ చేయాలి, డ్రయ్యర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మార్చాలి. ఇప్పటి కండెన్సర్ల దారులు చాలా సన్నం, కడిగితే పోదు, అదీ మార్చడమే మేలు. ఖర్చే, కానీ రెండుసార్లు కంప్రెసర్ కొనడం కంటే తక్కువ.

మన తీరంలో ఒక అదనపు శత్రువు ఉప్పుగాలి. కండెన్సర్ అల్యూమినియంది. ఉప్పు, తేమ, రోడ్డు దుమ్ము కలిస్తే దాన్ని కొరుకుతాయి. హైవే మీద ఎగిరే చిన్న రాయి మిగతా పని పూర్తిచేస్తుంది. 2023 మేలో ఎయిర్‌పోర్టుకి శంకుస్థాపన జరిగినప్పటి నుంచి మా వైపు లారీల రద్దీ సంగతి మీకు తెలిసిందే. కాబట్టి నెలకోసారి కండెన్సర్ మీద మంచినీళ్లు మెల్లగా కొట్టండి. ప్రెషర్ పంపుతో దగ్గర నుంచి కొడితే రేకులు వంగిపోతాయి.

మెకానిక్‌ల మీద కోపం తెచ్చుకోమని నేను చెప్పట్లేదు. లీకు వెతకడానికి రెండు మూడు గంటలు పడుతుంది. సబ్బు నురగ పెట్టాలి, నైట్రోజన్ ఎక్కించాలి, డై వేసి నీలి లైటుతో చూడాలి. ఆ కూలీ ఇవ్వడానికి మనం ఒప్పుకోం. "గ్యాస్ కొట్టేయ్ అన్నా, చాలు" అనేది మనమే. వెతికినందుకు డబ్బులిచ్చే కస్టమర్ ఉంటే వెతికే మెకానిక్ తప్పకుండా ఉంటాడు.

ఇంకా లెక్క ఒకటి ఉంది. ఆర్-134ఏ ఓజోన్‌ని తినదు గానీ వాతావరణాన్ని వేడెక్కిస్తుంది. వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1,430 రెట్లు. అర కిలో కారిందంటే 715 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. ఒక లీటరు పెట్రోల్‌కి 2.3 కిలోలు వేసుకుంటే 300 లీటర్లకి పైనే. ఇక్కడి నుంచి హైదరాబాద్‌కి కారులో మూడుసార్లు వెళ్లి రావడంతో సమానం. అందుకే 2016లో కిగాలిలో ఈ గ్యాసుల్నీ తగ్గించాలని ఒప్పందం జరిగింది. మన దేశం 2032 నుంచి మెట్లుమెట్లుగా తగ్గిస్తుంది.

ఇదే సమయంలో ఏసీ అవసరం పెరుగుతోంది, పెరగాలి కూడా. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే మధ్యరకం, భారీ లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి అయింది. మన హైవే మీద ఇన్నేళ్లూ ఇంజిన్ వేడి పక్కన కూర్చుని బండి నడిపిన డ్రైవర్‌కి ఇప్పటికి చల్లగాలి దక్కింది. ప్యాకార్డ్ కారు తర్వాత 86 ఏళ్లకి. ఆ లారీల ఏసీలు కూడా ఏడాదికోసారి "టాప్ అప్" అలవాటులో పడితే డ్రైవర్ మూడో ఏడాదికి మళ్లీ ఉక్కలోనే ఉంటాడు.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చాయి కదా, వాటిలో బెల్ట్ లేదు. మోటారు కంప్రెసర్ లోపలే ఉంటుంది, మన ఫ్రిజ్ లాగా. బయటికొచ్చే కడ్డీ లేదు, దాని సీలూ లేదు. 1939 నాటి బలహీనత ఇన్నాళ్లకి పోతోంది. అయితే హోసులు, ఓ-రింగులు, కండెన్సర్ అలాగే ఉన్నాయి. పైగా చాలా మోడళ్లలో బ్యాటరీని చల్లబరిచేది కూడా ఇదే గ్యాసు. అందులో పొరపాటున పీఏజీ ఆయిల్ కలిస్తే కరెంటు లీకయ్యే ప్రమాదం, దానికి వేరే ఆయిల్ వాడాలి. అంటే వెతికి, తూచి, సరైనది ఎక్కించే అలవాటు రేపు ఇంకా ఎక్కువ కావాలి.

కాబట్టి ఈ వేసవిలో షెడ్డుకి వెళ్తే మూడు ప్రశ్నలు అడగండి. ఎక్కడ కారుతోంది? వాక్యూమ్ ఎంతసేపు పెడతారు? ఎన్ని గ్రాములు ఎక్కిస్తారు, ఆయిల్ ఎంత? ఈ మూడింటికీ జవాబు చెప్పే మెకానిక్ దొరికితే ఫోన్ నెంబర్ దాచుకోండి, కూలీ దగ్గర బేరం ఆడకండి.

ఇవాళ్టికి ఇంతే. మీ కారు గేజులు ఏం చూపించాయో నాకు రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని తీసుకుని మాట్లాడుకుందాం. ఉంటానండి మరి.